పేచీకి దొరికిన పని

మా చెల్లెలు చదువు మానేస్తున్నట్టు ఇంట్లో ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. తిన్నగా నేను పనిచేసే కౌంటర్ దగ్గరికి వచ్చి, క్యూలో నిలబడి, తన వంతు వచ్చేదాకా బుద్ధిగా ఆగి, కిటికీలోంచి ఒక ఫారం లోపలికి తోసింది.

"అక్కా, దీని మీద ముద్ర వెయ్యి," అంది.

చదువు మధ్యలో వదిలేసేవాళ్ళు నింపే ఫారం అది. ఆ కాలేజీ ఆఫీసులో నాది తొమ్మిదేళ్ళ ఉద్యోగం. విద్యార్థి లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా నా కిటికీ దాటాల్సిందే. సిబ్బంది ఇంట్లోవాళ్ళకి ఫీజులో సగం తగ్గిస్తారని దాన్ని తెచ్చి అక్కడ చేర్పించింది కూడా నేనే. మూడేళ్ళ కామర్స్ డిగ్రీ. రెండేళ్ళు అయిపోయాయి. ఇంకొక్క ఏడాది.

ఫారంలో 'కారణం' అన్న గడి ఉంటుంది. అందులో గుండ్రటి అక్షరాలతో 'ఇష్టం లేదు' అని రాసింది.

"ఇలా రాయకూడదే," అన్నాను గొంతు తగ్గించి. "అనారోగ్యం అని రాస్తారు. లేదంటే కుటుంబ కారణాలని రాస్తారు."

"నా ఆరోగ్యం బాగానే ఉంది. కుటుంబం కూడా బాగానే ఉంది. నాకే ఇష్టం లేదు."

దాని వెనక నిలబడ్డ ఆవిడ, "అమ్మా, కాస్త తొందరగా కానివ్వండి," అంది. ఇది వెనక్కి తిరిగి, "నాదేం లేదండీ, మా అక్క ఒప్పుకోవట్లేదు," అంది. క్యూ క్యూ అంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫారం లాక్కుని, "సరే, వెళ్ళు, నేను చూస్తాను," అని పంపేశాను. ముద్ర మాత్రం వెయ్యలేదు. సొరుగులో అడుక్కి పడేశాను. నెల తిరక్కుండా బుద్ధి తెచ్చుకుని అదే వెనక్కి వస్తుందనుకున్నాను.

చిన్నప్పటి నించీ దానికి ఇంట్లో పేచీ అనే పేరు. పాలు తాగమంటే పాలు ఎక్కడినించి వచ్చాయో చెప్పమనేది. పడుకోమంటే చీకటి ఎందుకు పడుతుందని అడిగేది. జవాబు చెబితే ఆ జవాబు మీద ఇంకో ప్రశ్న వేసేది. నాన్న ఉన్నన్నాళ్ళూ నవ్వుతూ భరించారు. ఆయన పోయాక ఆ పని అమ్మకీ నాకూ పడింది. మాకు అంత నవ్వు లేదు.

"రెండేళ్ళు చదివినదానివి, ఇంకో ఏడాది కళ్ళు మూసుకుని చదవలేవా?" అంది అమ్మ ఆ సాయంత్రం.

"ఈ రెండేళ్ళూ కళ్ళు మూసుకునే చదివానమ్మా. అందుకే ఏమీ కనబడలేదు."

"మరి ఏం చేస్తావు?"

"పని చేస్తాను."

"ఏం పని?"

"అదే తెలియాలి."

అది తెలుసుకోవడానికి మా ఇంటిల్లిపాదికీ ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో నా తల ప్రాణం తోకకొచ్చింది.

అందుకు సగం బాధ్యత మా మామయ్యది. అమ్మకి అన్నయ్య. ఒక ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన డిగ్రీ పట్టా ఇప్పటికీ ముందుగదిలో అద్దం కట్టి ఉంటుంది. డిగ్రీ లేని మేనకోడలు ఆయన కంట్లో నలుసైపోయింది. ప్రతి ఆదివారం పదింటికల్లా ఒక కాగితం పట్టుకుని దిగేవాడు. వారమంతా ఫోన్లో చూసిన వీడియోలన్నీ అందులో వరసగా రాసి తెచ్చేవాడు. 'డిగ్రీ లేకుండా భారీ జీతం' అన్న మాట వినిపిస్తే చాలు, చెప్పేవాడి మొహం కూడా చూడకుండా రాసుకునేవాడు.

మొదట ఫోన్లో బీమా అమ్మే కంపెనీలో చేరింది. మూడో వారంలో ఒక ముసలావిడ, "ఇది నిజంగా నాకు అవసరమంటావా అమ్మా?" అని అడిగిందట. ఇది ఆవిడ వయసూ వివరాలూ అన్నీ కనుక్కుని, "అవసరం లేదండీ," అని చెప్పింది. అక్కడ మాటలన్నీ రికార్డవుతాయి. మర్నాడే ఇంటికి పంపేశారు.

తరవాత ఇళ్ళు అమ్మే ఆఫీసు. ఎనిమిది రోజులు. కొనడానికి వచ్చినాయన, "ఈ ఒక్క గోడకే కొత్త రంగు వేశారేం?" అని అడిగాడు. "వెనక చెమ్మ ఉందండీ, కనబడకుండా వేశారు," అంది.

"అబద్ధం చెప్పమని ఎవరన్నారే? ఊరుకోవచ్చుగా!" అని అరిచాను.

"ఆయన అడిగాడక్కా!"

ఆ తరవాత అలంకరణ నేర్పే కోర్సుకి పంపాం. మొదటి రోజు సాయంత్రమే కన్ను వాచి వచ్చింది. రెప్పలకి కృత్రిమ వెంట్రుకలు అంటించడం నేర్పారట. వాటి బదులు దాని వేలే దాని రెప్పకి అంటుకుపోయిందట.

మధ్యలో ఇంటర్నెట్లో దరఖాస్తులు. అవి నింపే పని నాది, ఎందుకంటే జీవితమంతా ఫారాలు చూసినదాన్ని నేనే కదా. ఒక పెద్ద గిడ్డంగి కంపెనీ ప్రకటన పైన లావుపాటి అక్షరాలతో 'డిగ్రీ అవసరం లేదు' అని ఉంది. లోపలికి వెళితే 'మీ డిగ్రీ' అన్న గడి పక్కన ఎర్ర చుక్క. నింపకపోతే ముందుకి పోనివ్వదు. నొక్కితే మూడు దారులే చూపిస్తోంది. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ. 'ఏదీ లేదు' అన్నది లేదు. ఇరవై నిమిషాలు పాట వినిపించాక హెల్ప్‌లైన్‌లో ఒకమ్మాయి దొరికింది.

"ఏదో ఒకటి నొక్కండి మేడమ్."

"అబద్ధమవుతుంది కదమ్మా?"

"అవును మేడమ్. తరవాత పరిశీలనలో తిరస్కరిస్తాం."

"మరి ఏం నొక్కను?"

"ఏదో ఒకటి నొక్కండి మేడమ్."

ఫోన్ పెట్టేసి తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. పేచీ పక్కన కూర్చుని పల్లీలు తింటూ, "పీహెచ్‌డీ నొక్కవే, ఎలాగూ తిరస్కరించేదే కదా," అంది.

ఏడో నెలలో ఒక ఆదివారం మామయ్య మా లిఫ్టులో ఇరుక్కుపోయాడు.

మాది అయిదంతస్తుల భవనం, మేముండేది నాలుగో అంతస్తు. మూడుకీ నాలుగుకీ మధ్యలో లిఫ్టు ఆగిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే గంటలో మనిషిని పంపుతామన్నారు. అమ్మ కంగారుపడి తలుపు సందులోంచి, "అన్నయ్యా, ఊపిరాడుతోందా?" అని అరుస్తోంది. లోపల్నించి మామయ్య, "ఆడుతోందిలే. నర్సుకి సహాయకులు కూడా కావాలట, జీతం బాగుంటుందట, దాన్ని అడుగు!" అని అరుస్తున్నాడు.

మెకానిక్ వచ్చాడు. అరవైకి దగ్గర్లో ఉన్న పెద్దాయన, మనిషి బక్కపల్చన, భుజాన మాసిన సంచీ. ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లెక్కి పైకప్పు మీదున్న మెషీన్ గదికి వెళ్ళాడు. వెనకాలే పేచీ, దాన్ని ఆపడానికి నేను.

ఆయన ముందు మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి సొంత తాళం ఒకటి వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"తాళం ఎందుకండీ?" అంది ఇది.

"నేను చక్రం మీద చెయ్యేసి ఉన్నప్పుడు ఎవడో ఒకడు లిఫ్టు పనిచెయ్యట్లేదని స్విచ్ వేస్తాడు. ఒకసారి వేశాడు," అని ఎడమ చెయ్యి చూపించాడు. చిటికెన వేలు సగమే ఉంది.

తరవాత బ్రేకుని ఒక లివర్‌తో కొంచెం కొంచెం వదులుతూ, చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టుని మూడో అంతస్తుకి దింపాడు. మామయ్య బయటపడి మంచినీళ్ళు అడిగాడు. పెద్దాయన మూడో అంతస్తు తలుపు దగ్గర నిలబడి పైనున్న చిన్న డబ్బా విప్పాడు. తలుపు మూసుకుందని లిఫ్టుకి కబురు చెప్పే తాళం అది. దాని స్ప్రింగు అరిగిపోయింది.

"లిఫ్టుకి మొండితనం జాస్తి," అన్నాడు. "ఒక్క తలుపు సరిగ్గా పడలేదన్న అనుమానం వచ్చినా అడుగు కదపదు. అలా మొండికెయ్యబట్టే జనం బతికున్నారు."

పేచీ ఒక నిమిషం పాటు నోరు మెదపలేదు. పుట్టి ఇన్నేళ్ళలో దాన్ని అంతసేపు అలా చూడటం నాకు అదే మొదలు. తరవాత మొదలుపెట్టింది. స్ప్రింగు ఎన్నాళ్ళు వస్తుంది, తాడు తెగితే ఏమవుతుంది, ఎదురుబరువు ఎంతుండాలి, లిఫ్టు అడుగున గొయ్యి ఎందుకు. పెద్దాయన విసుక్కుంటూనే అన్నిటికీ జవాబు చెప్పాడు. చెబుతున్నకొద్దీ విసుగు తగ్గింది.

"మీరేం చదివారండీ?"

"పదో తరగతి. తరవాత రెండేళ్ళు శిక్షణ, లైసెన్సు పరీక్ష."

"జీతమెంత?"

"ఏమే! పెద్దవాళ్ళని అలా అడుగుతారా?" అన్నాను.

ఆయన నవ్వి చెప్పాడు. నేను తప్పుగా విన్నాననుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు. నా జీతానికి రెండింతల పైమాట. నా దగ్గర రెండు డిగ్రీలున్నాయి. ఆయన చేతిలో గ్రీజు గుడ్డ ఉంది.

"ఆడవాళ్ళని తీసుకుంటారా?" అంది పేచీ.

"తీసుకోమని ఎవరూ అనలేదు. వచ్చినవాళ్ళే లేరు."

మంచినీళ్ళు తాగుతున్న మామయ్యకి పొలమారింది.

శిక్షణ కేంద్రంలో పరీక్ష రాసింది. లెక్కలు, కొలతలు, రంగులు గుర్తుపట్టడం, ఎత్తు మీద నిలబడటం. పాసయింది. ఇక చేరడమే తరువాయి అనుకుంటుండగా అక్కడి గుమాస్తా కంప్యూటర్ చూసి, "మీరు డిగ్రీ చదువుతున్నారే," అన్నాడట.

"మానేశానండీ. ఏడు నెలలైంది."

"ఇక్కడ చదువుతున్నట్టే ఉంది. కాలేజీలో పేరున్నవాళ్ళకి ఈ సీటు ఇవ్వం. మానేసినట్టు కాగితం తెండి. రేపు సాయంత్రం నాలుగింటికి ఆఖరు."

ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. "డిగ్రీ లేదని ఇన్నాళ్ళూ తరిమారు. ఇప్పుడు ఉందేమోనని తరుముతున్నారు. మీ ఆఫీసు నిర్వాకం చూశావా? ఏడు నెలలైనా నా పేరు కొట్టెయ్యలేదు!"

నేను బియ్యం ఏరుతున్నాను. తల ఎత్తలేదు. పేచీ నవ్వు ఆగింది.

"అక్కా?"

"సొరుగులో ఉంది," అన్నాను. "ముద్ర వెయ్యలేదు."

అది పేచీ పెడుతుందనుకున్నాను. అరిచినా, కంచం విసిరినా బాగుండేది. చాలా మెల్లగా మాట్లాడింది.

"ఏడు నెలలు నా పక్కన కూర్చుని ఉద్యోగాలు వెతికావు. లోపల మాత్రం నన్ను కాలేజీలోనే ఉంచుకున్నావు. అంతేనా?"

"తిరిగి వస్తావేమోనని..."

"నీకు ఇష్టం లేకపోతే మొహం మీద చెప్పొచ్చుగా. నేను చెప్పానుగా. గడిలో రాసి మరీ చెప్పాను."

మర్నాడు ఉదయం ఎనిమిదింటికే ఆఫీసు తలుపు నేనే తీశాను. మా కిటికీ మీద 'సర్టిఫికెట్లకి మూడు పనిదినాలు పట్టును' అని బోర్డు ఉంటుంది. అది నా దస్తూరీయే. ఆ మూడు పనిదినాలూ ఎక్కడ పడతాయో నాకు తెలుసు. లైబ్రరీ, ఆటల గది, ప్రిన్సిపాల్ బల్ల. లైబ్రరీలో బాకీ లేదన్న సంతకం పది నిమిషాల్లో అయిపోయింది. ఆటల గది మాస్టారు రిజిస్టరు తిరగేసి, "ఒక షటిల్ రాకెట్టు బాకీ ఉందే," అన్నాడు.

"మా చెల్లెలు జన్మలో రాకెట్టు ముట్టుకోలేదండీ."

"రిజిస్టరులో ఉంది."

"ఎవరో దాని నంబరు వేసి ఉంటారు."

"కావచ్చు. కానీ రిజిస్టరులో ఉంది."

ఇదే మాట నేను ఎంతమందితో అని ఉంటానో ఆ క్షణంలో గుర్తుకొచ్చి సిగ్గేసింది. సిగ్గుపడే తీరిక మాత్రం లేదు. ఎదురుగా ఉన్న కొట్లో ఒక రాకెట్టు కొని తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఇది ఆ రాకెట్టు కాదే," అన్నాడు.

"సంతకం పెట్టండి మాస్టారూ."

నా గొంతులో ఏం వినిపించిందో, పెట్టేశాడు.

ప్రిన్సిపాల్ గారు మీటింగులో ఉన్నారు. పన్నెండయింది. ఒంటిగంటయింది. మీటింగు అయ్యాక భోజనం, భోజనం అయ్యాక ఇంకో మీటింగు. రెండున్నరకి మెట్ల మీద పట్టుకున్నాను. ఫారం చూసి, "కారణం 'ఇష్టం లేదు' ఏమిటి? ఇలా రాయనిచ్చారా? ఎవరీ అమ్మాయి?" అన్నారు.

"మా చెల్లెలండీ."

నన్ను పైనించి కిందికి చూసి, మెట్ల గోడకి ఆనించి సంతకం పెట్టారు. ముద్ర వేసుకుని బస్సు పట్టుకుని కేంద్రం దగ్గర దిగేసరికి నాలుగుకి పది నిమిషాలుంది. పేచీ గేటు దగ్గర నిలబడి ఉంది. కాగితం అందుకుని చూసింది.

"ముద్ర వంకరగా పడింది," అని లోపలికి వెళ్ళిపోయింది.

శిక్షణ రెండేళ్ళు. అది చేరాక మా ఇంట్లో సబ్బు ఖర్చు పెరిగింది, శాంతి తగ్గింది. ఇనపతాళ్ళ గ్రీజు తలుపు పిడులకి, అమ్మ తువ్వాళ్ళకి, ఒకసారి నా ఆఫీసు ఫైలుకి. పనిలో వేసుకునే గట్టి బూట్లు ఆడవాళ్ళ కొలతలో దొరకవట. రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని మగవాళ్ళ బూట్లతోనే ఏడాది ఈడ్చింది. కడుతున్న భవనాల్లో ఆడవాళ్ళకి బాత్‌రూమ్ ఉండదు. పొద్దుటి నించి నీళ్ళు తాగకుండా ఉండి సాయంత్రం తలనొప్పితో వచ్చేది. అమ్మ బంధువులకి 'ఇంజినీరింగ్ లైన్లో ఉంది' అని చెప్పేది. ఇది పక్కనే ఉంటే, "లిఫ్టులు బాగుచేస్తానండీ," అని సరిచేసేది. అమ్మ దాని తొడ గిల్లేది.

ఆరో నెలలో బొటనవేలు నలగ్గొట్టుకుని వచ్చింది. గోరు నల్లబడి, వేలు వంకాయలా వాచింది.

"మానేస్తావా?" అన్నాను, మంచి మనసుతోనే.

"మానెయ్యాలంటే మళ్ళీ నీ దగ్గరే ఫారం ఇవ్వాలా?" అంది.

ఆ మాట తగిలింది. తగలాలనే అంది. ఆ తరవాత చాలాకాలం దాకా ఆ ఫారం గురించి మా మధ్య ఇంకో మాట జరగలేదు.

లైసెన్సు వచ్చింది. పెద్దాయన పనిచేసే కంపెనీయే తీసుకుంది. సంచీతో వెళితే ప్రతి భవనంలోనూ ఒకటే ప్రశ్న. "మెకానిక్ ఎప్పుడొస్తాడమ్మా?" మొదట్లో ఓపిగ్గా, "నేనేనండీ," అనేది. తరవాత తరవాత జవాబు చెప్పకుండా స్విచ్ కట్టేసి తాళం వెయ్యడం మొదలుపెట్టింది. అప్పుడు వాళ్ళకే అర్థమయ్యేది.

మొదటి నెల జీతం కాగితం తెచ్చి, "ఇక్కడ ఏదో పట్టుకున్నారు, ఏమిటిది?" అని నా ముందు పెట్టింది. పింఛను కోసం పట్టుకున్నదని వివరించాను. పైనున్న అంకె కూడా చూశాను. తొమ్మిదేళ్ళు, ఆ మీదట ఇంకో రెండున్నరేళ్ళు, నేను ఆ అంకె చుట్టుపక్కలకి కూడా పోలేదు. నా గొంతు మామూలుగానే ఉందనుకుంటాను. ఆ తరవాత వంటింట్లోకి వెళ్ళి అవసరం లేని గిన్నెలు రెండు కడిగాను. కుళ్ళా అంటే కాదు. మరి ఏమిటంటే చెప్పలేను. ఎవరి మీదో కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

ఆ ఏడాదే మా కాలేజీ లిఫ్టు నిర్వహణ దాని కంపెనీ చేతికొచ్చింది. మొదటి పరీక్షకి దాన్నే పంపారు. సరిగ్గా ఆ రోజే పదకొండింటికి కాలేజీకి గుర్తింపు ఇచ్చే తనిఖీ బృందం వస్తోంది. నాలుగో అంతస్తు సెమినార్ హాల్లో కుర్చీలకి తెల్లగుడ్డలు వేయించి, ప్రిన్సిపాల్ గారు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. పదింబావుకి పేచీ లిఫ్టు ఆపేసింది.

ఆఫీసులోంచి అరుపులు విని పరిగెత్తాను. రెండో అంతస్తులో లిఫ్టు తలుపు ముందు ఇది నేల మీద కూర్చుని ఉంది. చేతిలో వేలెడంత ఎర్ర తీగ ముక్క.

"తలుపు తాళం పాడైతే పాత మెకానిక్ దాన్ని తప్పించి ఈ తీగ తగిలించాడు సార్," అంటోంది. "తలుపు తెరుచుకుని ఉన్నా, మూసుకునే ఉందని లిఫ్టు నమ్ముతుంది. ఇలా వేలితో లాగితే తలుపు వచ్చేస్తోంది. లోపల లిఫ్టు లేదు. గొయ్యి ఉంది."

"ఇన్నాళ్ళూ నడిచిందిగా!"

"ఇన్నాళ్ళూ ఎవరూ పడలేదు సార్. అంతే."

"గంటలో పెద్దవాళ్ళు వస్తున్నారు. ఈ ఒక్క రోజుకి మళ్ళీ ఆ తీగ పెట్టెయ్యి. కావాలంటే నా బాధ్యత అని రాసిస్తాను."

"రాసిచ్చినా పెట్టను. ఎవరైనా పడితే మీ కాగితం పట్టుకుని ఆపదు."

ప్రిన్సిపాల్ గారి మొహం ఎర్రబడింది. "అసలు నువ్వు చదివిందెంత?"

"మీ కాలేజీలోనే రెండేళ్ళు సార్. మానేశాను. మీరే సంతకం పెట్టారు."

ఆయన నా వైపు తిరిగారు. చెల్లెలికి నచ్చజెప్పు అన్నట్టు చూశారు. చెప్పేదాన్నేమో కూడా. కానీ ఆ తలుపుకి వీపు ఆనించి పిల్లలు కబుర్లు చెప్పుకోవడం రోజూ నేను చూసేదే. విరామంలో టీ గ్లాసు పట్టుకుని నేనూ దానికి ఆనుకునేదాన్ని.

ఆఫీసులోకి వెళ్ళి ఒక అట్ట తీసుకుని లావుపాటి పెన్నుతో 'లిఫ్టు పనిచేయదు. మెట్లు ఎక్కండి' అని రాశాను. తెచ్చి తలుపుకి కట్టాను.

"ఎవరు కట్టమన్నారు నిన్ను?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"లిఫ్టు మెకానిక్ ఆపారు సార్," అన్నాను. "నేను వాళ్ళని మెట్ల మీదుగా తీసుకొస్తాను."

నలుగురొచ్చారు. అందులో మోకాళ్ళ నొప్పులావిడ ఒకరు. రెండో అంతస్తులో కుర్చీ వేయించి కూర్చోబెట్టాను. లిఫ్టు ఎందుకు ఆపారని అడిగితే ఉన్నమాట చెప్పాను. "అయితే ఆపాల్సిందే," అని ఆవిడ మంచినీళ్ళు తాగి, మోకాళ్ళు కటకటమంటున్నా మిగతా మెట్లెక్కింది. వాళ్ళ నివేదికలో లిఫ్టు ఊసే రాలేదు. లైబ్రరీలో పుస్తకాలు చాలవని రాశారు. అయినా మూడో రోజుకి నాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా బోర్డు కట్టినందుకు.

తనిఖీ జరిగిన రోజు సాయంత్రం పేచీ కృతజ్ఞతగా ఒక్క ముక్క అంటుందేమోనని చూశాను. ఇంటికొస్తూనే మీద పడింది.

"నువ్వెందుకు మధ్యలో దూరావు? బోర్డు పెట్టాల్సింది నేను. నా సంచీలో ఉంది. గొలుసుతో సహా. నీ అట్ట గాలికి ఊడిపోయింది తెలుసా?"

"ఓసి నీ... ఉద్యోగం పణంగా పెట్టానే నీకోసం!"

"నాకోసం అని ఎవరు పెట్టమన్నారు? నేను వాళ్ళ సంగతి చూసుకునేదాన్నిగా!"

అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరిని తిట్టాలో తెలియక వెనక్కి వెళ్ళిపోయింది. నాకు ఎక్కడ లేని నీరసం వచ్చింది. కుర్చీలో కూలబడ్డాను.

"ఆ ఫారం దాచడం నాదే తప్పు," అన్నాను.

ఎందుకు అప్పుడే అన్నానో తెలియదు. పేచీ బూట్ల తాళ్ళు విప్పుతోంది. విప్పడం ఆపలేదు.

"నాకు తెలుసు," అంది. "నీకు తెలుసా అని చూస్తున్నాను. రెండేళ్ళ పైనే అయింది."

"ఒకసారి అడిగి ఉండొచ్చుగా."

"అడిగితే చెప్పేదానివి. అడక్కుండా చెబుతావా అని."

బూట్లు గోడవారగా పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. నేను మెమోకి జవాబు రాయడం ఆ వారమంతా వాయిదా వేసి, ఆఖరికి ఒక్క వాక్యం రాసిచ్చాను. 'తలుపు బాగాలేదు కనుక బోర్డు కట్టితిని.' దాని మీద ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు.

లిఫ్టుకి కొత్త తలుపు తాళం గురువారం వచ్చింది. నేను కౌంటర్‌లో ఉండగా పేచీ కిటికీ పక్కనించి తొంగిచూసి, "ఒకసారి రా," అంది. క్యూలో పాతికమంది ఉన్నారు. "పనుందే," అన్నాను. "రెండు నిమిషాలు," అంది. వెళ్ళాను.

రెండో అంతస్తు తలుపుని పట్టుకుని బలంకొద్దీ లాగమంది. లాగాను. రాలేదు. కాలు తన్నిపెట్టి మళ్ళీ లాగాను. కదల్లేదు. తరవాత ఇద్దరం లిఫ్టెక్కాం. పేచీ గోడకి చెవి దగ్గరగా పెట్టి, నా కబుర్లు వినకుండా లిఫ్టు చప్పుడు వింటోంది. నాలుగో అంతస్తు దాకా వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చాం. కుదుపు లేదు. తలుపులు తెరుచుకున్నాయి. గడపా లిఫ్టూ సరిసమానంగా ఉన్నట్టే నాకు కనబడింది.

"బాగుందే," అన్నాను మనస్ఫూర్తిగా.

పేచీ వంగి, జేబులోంచి స్కేలు తీసి గడప దగ్గర నిలబెట్టింది.

"ఏం బాగుంది? మూడు మిల్లీమీటర్లు కిందికి ఆగింది. నువ్వు దిగు. మళ్ళీ చూడాలి."

దిగాను. నా వెనకే తలుపులు మూసుకుని లిఫ్టు పైకి పోయింది. కౌంటర్ దగ్గర ఎవరో బల్ల మీద టకటకా కొడుతూ, "మేడమ్ ఏరండీ, ఎంతసేపు?" అని కేకలు పెడుతున్నారు. "వస్తున్నా, వస్తున్నా," అంటూ అటు నడిచాను.